తరుగు

డెబ్బై ఐదు వేలు.
కామిశెట్టి అంగడి బిల్లు, ఎర్రంచు కాయితం,
ముందు పక్క గ్రాములు, మిల్లీలు,
వెనక పక్క నా మదర్‌బోర్డు.

మాబాషా రేట్లు చెప్తాండాడు,
నేను కొట్టేస్తాండా.
"గేములాడతారా మేడం?"
"ఆడను. ముక్కుపుడకను గిర్రున తిప్పి చూపిస్తా,
బేరగాళ్లు సెల్లులో చూస్తారు."
ప్రాసెసర్ ఒక మెట్టు దిగింది.
వెలుగుల ఫ్యాన్లు పోయినాయి,
పెట్టె మెరిసిందని నగ కొన్నోళ్లు
ప్రొద్దుటూరిలో ఎవరూ లేరు.
క్యాబినెట్టు పాతదే, ఒక పక్క సొట్ట.
ర్యాము ముప్పైరెండు, ఒకే పుల్ల;
పక్క గాడి ఖాళీగా పెట్టినా,
ధనత్రయోదశి అయినాక చూస్తాంలే అని.
పవర్ సప్లై కాడ మాత్రం కక్కుర్తి పడలేదు:
మే నెలలో మా వీధికి కరెంటు
వచ్చేటప్పుడు తన్నుకుంటా వస్తాది.

మానిటర్ దగ్గర ఆగిపోయినా.
పాతదాంట్లో ఇరవైరెండు క్యారెట్ల బంగారు
తోమని ఇత్తడి చెంబు.
కెంపు పెడితే చింతపండు రసం.
దానికోసం ప్రాసెసర్‌ని ఇంకో మెట్టు దించినా.
ఇంగ మిగిలింది కార్డు.

పన్నెండు జీబీది కొత్తదైతే చీటీలో పట్టదు.
పట్టేది ఒకటుంది, ఒకరు వాడింది, బెంగుళూరు సరుకు.
"పదిలంగా వాడినారు మేడం, ఒట్టు."
ఒక పూట గడువడిగి
గుడ్డలో చుట్టి పని అంగట్లోకి తెచ్చినా.

మౌనాచారి తన పీట మీదనే ఉండాడు.
ఆయన కుంపటిలో నిప్పు పడి పది నెల్లు.
నేను గీసింది మిషన్ మైనంలో పోస్తాది,
మైనం కరిగిపోయిన చోటికి బంగారు దిగుతాది,
ఆయనకు మిగిలేది ఆకురాయి, మెరుగు.
ఆ సంగతి మేమిద్దరం మాట్లాడుకోం.

"ఏం పాపా, ఇదేంది?"
"బొమ్మ కట్టేది ఇదే పెద్దాయనా."
"ఎంత?"
చెప్పినా. పెదాలు కదిలినాయి,
గ్రాముల్లోకి మార్చుకుంటాండాడు.
కంటద్దం బిగించి, శ్రావణం మొనతో
ఆ నల్లని పలక మీద నిదానంగా నడిచినాడు,
నేను ఏడాదిగా చూడని నడక.
ఒక చోట నిలబడినాడు.
"ఈడ టంకం రెండోసారి పెట్టినారు.
మొదటి చెయ్యి వేరు. ఇది ఆత్రపడిన చెయ్యి.
కరిగి పక్కదాన్ని అంటుకుండాది చూడు.
వేడి తగిల్తే ఇడుస్తాది."

చూసినా. నాకు కనబడింది ఒక చుక్క.
మళ్లీ చూపించినాడు.
అప్పుడు కనబడింది చెయ్యి.

మాబాషా కాదనలేదు.
"నాకు తెలీదు మేడం" అన్నాడు, నిజమే అయ్యుంటాది.
కొత్తది, చిన్నది, ఎనిమిది జీబీ తీసుకున్నా,
మూడేళ్ల గ్యారంటీ.
పెద్ద హారం దీంట్లో పట్టదు.
పట్టకపోతే రెండు ముక్కలుగా రెండర్ చేసి అతికిస్తా,
అతికేది ఈ అంగడికి కొత్త పనా?

బిగించేసరికి రాత్రి పదిన్నర.
స్క్రూ ఒకటి మిగిలింది, యాడిదో తెలీదు.
మొదట పెట్టింది వంకీ.
పాత మిషన్లో తెల్లార్లూ ఉడికేది,
ఈసారి టీ మీద మీగడ కట్టకముందే నిలబడింది
రాళ్లతో, నీడతో సహా.

మౌనాచారి తెర ముందు వంగి
చాలాసేపు చూసినాడు. తాకబోయి చెయ్యి తీసుకున్నాడు.
"తరుగెంత?"
"దీంట్లో తరుగుండదు పెద్దాయనా."

ఏమీ అనలేదు.
బల్ల కింద కుంచె తీసి
కత్తిరించిన కేబుల్ కట్ల కొసలు, థర్మోకోల్ పొట్టు,
ఆ మిగిలిన స్క్రూ,
అన్నీ ఒక మూలకు ఊడ్చుకొచ్చి
కాయితంలో పొట్లం కట్టి
పాత రజను పొట్లాల పక్కన పెట్టి
సొరుగుకు తాళమేసినాడు.